కుక్క ఉన్నట్టుండి మన కొంగు వదలకపోతే ఏం చేయాలి

మా మల్లికి ఏడేళ్ళు. వీధిలో దొరికిన పిల్ల, మన దేశవాళీ రకమే. ఇన్నేళ్ళలో ఎవరి వెనకా తిరిగే అలవాటు లేదు దానికి, బాల్కనీలో ఎండపొడ పడే చోట పడుకోవడం, అన్నం వేళకి లేవడం, పొద్దునా సాయంత్రం బయటికి తీసుకెళ్తే సంతోషంగా వెళ్ళి రావడం, అంతే. అలాంటిది పోయిన జూన్‌లో మావాడు ఇంటర్ చదవడానికి విజయవాడ హాస్టల్‌కి వెళ్ళిన రెండు వారాలకి ఉన్నట్టుండి నా కొంగు పట్టుకుంది. వంటింట్లో కాళ్ళకి అడ్డం, స్నానానికి వెళ్తే తలుపు అవతల కూర్చుని మూలగడం, చెత్తబుట్ట బయట పెడదామని తలుపు తీసినా పరిగెత్తుకొచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడటం. ఇంట్లో అందరం ఒకటే అనుకున్నాం, వాడి మీద బెంగ పెట్టుకుంది, పది రోజుల్లో అదే సర్దుకుంటుందిలే అని.

అలా అనుకుని నెల రోజులు పోగొట్టాం. బెంగ అంటే మనకి తెలిసింది పిల్లలు హాస్టల్‌కి వెళ్ళినప్పుడు పెట్టుకునేది, నాలుగు రోజులు ఏడ్చి, ఓ జ్వరం తెచ్చుకుని, తర్వాత స్నేహితుల్లో కలిసిపోయేది. కుక్క ఒంటరిగా ఉన్నప్పుడు పడే బాధ చాలాసార్లు అలాంటిది కాదు. అది భయం. లిఫ్ట్‌లో ఇరుక్కుపోయిన మనిషికి ఊపిరి ఆడనట్టు ఉంటుందే, అలాంటి భయం. ఆ మనిషిని పదిసార్లు లిఫ్ట్‌లో పెట్టి తాళం వేస్తే అలవాటు పడడు, పదకొండోసారి లిఫ్ట్ కనపడగానే వణుకుతాడు. అందుకే ఇది రాస్తున్నాను, మీ ఇంట్లో కూడా ఇలాంటిది మొదలైతే మాలాగా చూస్తూ కూర్చోకుండా మొదటి వారంలోనే పని మొదలుపెట్టాలని.

ముందు ఒళ్ళు, తర్వాతే మనసు

"ఉన్నట్టుండి" అన్న మాట దగ్గర ఆగండి. చిన్నప్పటి నుంచీ వెంట తిరిగే కుక్క వేరు, ఏళ్ళ తరబడి తన లోకంలో తాను ఉండి వారం రోజుల్లో మారిపోయిన కుక్క వేరు. రెండో రకానికి నా దగ్గర ఒకటే సలహా, ట్రైనర్‌కి ఫోన్ చేయకముందు పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. నొప్పి ఉన్న కుక్క కుంటుతుందనో అరుస్తుందనో అనుకుంటాం గానీ చాలా కుక్కలు నొప్పిని దాచుకుని మనకి దగ్గరగా జరుగుతాయి. చెవిలో చీము, పంటి నొప్పి, తుంటి కీళ్ళ అరుగుదల, చూపు తగ్గడం, చెవుడు, థైరాయిడ్, మూత్రంలో ఇన్ఫెక్షన్, వీటిలో ఏదైనా ఇలా బయటపడొచ్చు. ఆపరేషన్ చేయించని ఆడకుక్క అయితే ఎదకొచ్చి పోయిన నెలన్నర రెండు నెలలకి కడుపు లేకపోయినా కడుపుతో ఉన్నట్టు ప్రవర్తించడం ఉంది, బొమ్మని పిల్లలా కాపాడుకోవడం, రొమ్ముల్లో పాలు రావడం, మనల్ని వదలకపోవడం. తొమ్మిది పదేళ్ళు దాటిన కుక్క రాత్రిళ్ళు ఇల్లంతా తిరుగుతూ, గోడవైపు చూస్తూ నిలబడి, తలుపు వెనక మూలలో ఇరుక్కుని బయటికి రాలేకపోతుంటే ముసలితనంలో మెదడుకి వచ్చే మార్పు కావచ్చు, దానికీ మందులున్నాయి.

మన వాతావరణంలో మరీ ముఖ్యంగా చూడాల్సింది గోమార్ల జ్వరం. గోమార్లని కొన్ని ఊళ్ళలో పిడుదులంటారు, వేళ్ళ సందుల్లో, చెవుల లోపల, మెడ పట్టీ కింద దాక్కుంటాయి. ఇవి కుట్టడం వల్ల వచ్చే జబ్బు ఒక్కోసారి పెద్ద జ్వరంగా కాకుండా నెమ్మదిగా నడుస్తుంది, తిండి కాస్త తగ్గుతుంది, మెట్లెక్కడానికి బద్ధకిస్తుంది, చిగుళ్ళు పాలిపోతాయి, అంతే. మల్లికి వచ్చింది అదే. మేమేమో బెంగతో అన్నం మానేసిందనుకున్నాం. డాక్టర్ టెంపరేచర్ చూస్తే 103.6 ఉంది (కుక్కలకి మామూలుగానే 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ ఉంటుంది కాబట్టి చేత్తో పట్టుకుని చూసి జ్వరం చెప్పలేం), రక్త పరీక్షలో ప్లేట్‌లెట్లు బాగా తక్కువ. 28 రోజులు మందు వాడాం. వారం తిరగకముందే తిండి తిన్నది, సగం వెంటపడటం తగ్గిపోయింది. ఆ నెల రోజులూ అది ఒంట్లో బాలేదని చెబుతుంటే మేం బెంగ అనుకుని బుజ్జగించాం, ఆ బాధ నాకింకా ఉంది.

ఇంకో మాట, భయపెట్టాలని కాదు, చెప్పి తీరాల్సింది. రేబిస్ మొదటి రోజుల్లో కొన్ని కుక్కలు ఉన్నట్టుండి మారిపోతాయి, దూరంగా ఉండేది అతిగా దగ్గరవుతుంది, దగ్గరగా ఉండేది మూలకి చేరుతుంది. టీకాలు సరిగ్గా వేయించని కుక్క, ఈ మధ్య వేరే కుక్క కరిచిన కుక్క ఇలా మారి, గొంతు మారినా, చొంగ కారుస్తున్నా, మింగలేకపోతున్నా, ఏదో ఇరుక్కుందని నోట్లో చేయి పెట్టకండి. పిల్లల్ని దూరంగా ఉంచి డాక్టర్‌కి ఫోన్ చేసి చెప్పండి. దాని చొంగ గీరుకున్న చోటో గాయం మీదో పడినా, కరిచినా, వెంటనే సబ్బుతో పారే నీళ్ళకింద 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి, కుక్క మనదే కదా అని ఆగొద్దు. టీకాలు ప్రతి ఏటా వేయించిన కుక్క అయితే ఈ అనుమానం చాలా చాలా తక్కువ.

ఫోన్‌తో వీడియో తీయండి

డాక్టర్ ఒళ్ళు బాగుందన్న తర్వాత, లేదా వైద్యం అయ్యాక కూడా బాధ మిగిలితే, అప్పుడు అసలు సంగతేమిటో మీ కళ్ళతో చూడాలి. పాత ఫోన్ ఒకటి టీవీ పక్కన నిలబెట్టి రికార్డింగ్ ఆన్ చేసి, మామూలుగా బయటికెళ్ళినట్టే వెళ్ళి 15 నిమిషాలు కింద పార్కింగ్‌లో నిలబడండి. అంతకుముందే అరుపులు మొదలైతే ముందే వచ్చేయండి, పూర్తిగా చూడాలని దాన్ని ఏడిపించనక్కర్లేదు.

వీడియోలో చూడాల్సింది ఎప్పుడు మొదలైంది, ఎలా ఉంది అన్నది. మీరు వెళ్ళగానే గుమ్మం దగ్గర కాసేపు చూసి, వచ్చి పడుకుని, గంట తర్వాత లేచి దిండు చింపితే అది ఏమీ తోచక చేసిన పని, దానికి వాకింగూ ఆటా పెంచితే చాలావరకు సరిపోతుంది. తలుపు పడిన నిమిషం రెండు నిమిషాల్లోనే అటూ ఇటూ తిరగడం, ఎగశ్వాస, నేల తడిసేంత చొంగ, తలుపు చెక్కనో కిటికీ గ్రిల్‌నో గీకడం, మోర ఎత్తి ఊళ పెట్టడం, ఎప్పుడూ ఇంట్లో పోయనిది అక్కడే పోసేయడం, ఇష్టమైన చికెన్ ముక్క ముందుంటే వాసన కూడా చూడకపోవడం, ఇవి కనిపిస్తే అది భయమే. మల్లికి మందుల కోర్సు అయిపోయాక తీసిన వీడియోలో 40 సెకన్లకే మొదలైంది. ఒంట్లో బాలేని రోజుల్లో ఒంటరిగా గడిపిన గంటలు దాని మనసులో అలాగే మిగిలిపోయాయని నా నమ్మకం.

వెంటనే మానేయాల్సినవి

తిట్టడం. ఇంటికొచ్చేసరికి చెప్పులు చింపి ఉంటాయి, అది చెవులు వాల్చి పక్క చూపులు చూస్తుంది, "చూడు, తప్పు చేశానని దానికే తెలుసు" అంటారు. తెలియదు. మీ మొహం చూసి, మీ గొంతు విని భయపడుతోంది, అంతే. మన మీద కోపంతో కావాలని చేసింది అన్నమాట కూడా మీ ఇంట్లో నుంచి తీసేయండి. భయం వేసిన దానికి మనం వచ్చాక కూడా భయమే మిగిల్తే రేపు మీరు తాళాలు తీసేసరికి ఇంకాస్త ఎక్కువ వణుకుతుంది.

బోనులో పెట్టి తాళం వేయడం, బాల్కనీలో కట్టేయడం. చిన్నప్పటి నుంచి బోనులో హాయిగా పడుకునే కుక్క సంగతి వేరు. భయంలో ఉన్న కుక్కని బోనులో పెడితే ఊచలు కొరికి పళ్ళు విరగ్గొట్టుకుంటుంది. మాకు తెలిసినవాళ్ళు చెప్పారని మేం ఒక్కరోజు పడగ్గదిలో పెట్టి గడియ వేశాం, గంటన్నరలో వచ్చి చూస్తే తలుపు కింద చెక్క పేలికలైంది, ముందు కాలి గోరు ఊడి నేలంతా రక్తం. ఇక బాల్కనీ, మూడో అంతస్తు నుంచి దూకే కుక్కలుంటాయి, మన మే నెల ఎండ సంగతి చెప్పనక్కర్లేదు.

"ఏడవనివ్వండి, అదే ఊరుకుంటుంది" అన్న సలహా వినకండి. అరిచి అరిచి ఓపిక అయిపోయి పడుకుంటుందే తప్ప భయం తగ్గి కాదు. తోడు కోసం ఇంకో కుక్కని తెచ్చే ఆలోచన కూడా ఇప్పుడే వద్దు, దీని బాధ చాలావరకు మనుషులు లేకపోవడం గురించి, కుక్కలు లేకపోవడం గురించి కాదు. మావాడు ఫోన్‌లో "అమ్మా, నా గొంతు వినిపించు, ఊరుకుంటుంది" అంటే స్పీకర్ పెట్టి వినిపించాను, పాపం ఇల్లంతా వెతికింది, వాడి గది తలుపు దగ్గర రాత్రి దాకా కూర్చుంది. ఆ పని మళ్ళీ చేయలేదు.

దగ్గరికి వస్తే మాత్రం తోసేయకండి. భయపడ్డప్పుడు నిమిరితే భయం ఎక్కువవుతుందని కొందరంటారు, అది నిజం కాదు. తల మీద చేయి వేయండి, పక్కన కూర్చోనివ్వండి.

నేర్పే రోజుల్లో ఒంటరిగా వదలొద్దు

అన్నిటికంటే కష్టమైనది ఇదే, అందరూ దాటేసేదీ ఇదే. పొద్దున పది నిమిషాలు ప్రాక్టీస్ చేయించి, మధ్యాహ్నం నాలుగు గంటలు తాళం వేసి వెళ్తే పొద్దున కట్టిన గోడ మధ్యాహ్నం కూలిపోతుంది. కొన్ని వారాలపాటు ఎవరో ఒకరు ఉండేలా చూసుకోవాలి. మేం కాగితం మీద వారం గీసుకుని పేర్లు రాసుకున్నాం, సోమ మంగళ నాకు ఇంటి నుంచి పని, బుధ గురువారాలు మా అత్తయ్యగారు పొద్దున టిఫిన్ అయ్యాక వచ్చి సాయంత్రం దాకా ఉండేవారు, శుక్రవారం మా ఆయన సెలవు సర్దుకునేవారు, మధ్యలో పాలకో మందులకో వెళ్ళాలంటే ఎదురింటి ఆంటీ వచ్చి కూర్చునేవారు. అత్తయ్యగారికి మొదట కుక్కంటే పడదు, మడి పాడవుతుందని దూరంగా ఉండేవారు. ఇప్పుడు ఆవిడ టీవీ చూస్తుంటే మల్లి ఆవిడ కాళ్ళ దగ్గరే. మనిషే కావాలి దానికి, ప్రత్యేకంగా నేనే అక్కర్లేదు, చాలా కుక్కలకి ఇంతే, కాబట్టి చుట్టాల్నీ పక్కింటివాళ్ళనీ అడగడానికి మొహమాటపడకండి. ఎవరూ లేకపోతే పగటిపూట కుక్కల్ని చూసుకునే చోట్లు హైదరాబాద్, విశాఖ లాంటి ఊళ్ళలో ఉన్నాయి, ముందు వెళ్ళి చూసి, బోనుల్లో పెట్టి వదిలేయరని తెలిశాకే వదలండి.

సెకన్లతో మొదలు

ఇంట్లో ఉండగానే చిన్న పని ఒకటి. పాత దుప్పటి మడతపెట్టి హాల్లో ఒక మూల వేయండి. అది తనంతట తాను దాని మీద కూర్చున్నప్పుడల్లా ఉప్పూ కారం లేకుండా ఉడికించిన, ఎముకలేని చికెన్ చిన్న ముక్క, లేదా కోడిగుడ్డు ముక్క అక్కడ పెట్టండి. తర్వాత మీరు ఒక అడుగు వెనక్కి వేసి వచ్చి ముక్క పెట్టడం, తర్వాత వంటింటి గుమ్మం దాకా వెళ్ళి రావడం. మీరు కదిలితే వెంటపడాల్సిన పనిలేదు, మీరు తిరిగొస్తారు అని దానికి తెలియాలి. వెనకాల వస్తే తిట్టొద్దు, మీరే ఒక మెట్టు దిగండి.

ఆ తర్వాత మీరు వెళ్ళబోతున్నారని దానికి చెప్పే గుర్తులు పట్టుకోండి. ఒక్కో ఇంట్లో ఒక్కోటి ఉంటుంది, తాళాల గుత్తి, హెల్మెట్, ఐడీ కార్డు, సెంటు వాసన. మా ఇంట్లో లంచ్ బ్యాగ్ జిప్. ఆ చప్పుడుకే ఎగశ్వాస మొదలయ్యేది. రోజుకి ఏ పదిసార్లో జిప్ వేసి సోఫాలో కూర్చున్నాను, తాళాలు తీసుకుని మొక్కలకి నీళ్ళు పోశాను, హెల్మెట్ పెట్టుకుని కూర తరిగాను. రెండు వారాలకి జిప్ చప్పుడుకి తల కూడా ఎత్తలేదు.

ఇక తలుపు. తలుపు తీసి వేయడం. బయట అడుగు పెట్టి రావడం. తలుపు మూసి ఐదు సెకన్లు. వెళ్ళేటప్పుడు పెద్ద వీడ్కోలు వద్దు, వచ్చాక పండగ వద్దు, మామూలు గొంతుతో ఒక మాట చాలు, అలాగని దొంగచాటుగా తప్పించుకుని వెళ్ళడమూ వద్దు, అలా చేస్తే నిద్రలో కూడా మీ మీద ఒక కన్ను వేసి ఉంచుతుంది. ఐదు బాగుంటే పది, తర్వాత ఇరవై. ఎప్పుడూ పెంచుకుంటూనే పోవద్దు, 30, 8, 45, 15, 50 ఇలా కలిపి చేయండి, ప్రతిసారీ కిందటిసారి కంటే కష్టం అవుతోందని దానికి అనిపించకూడదు. ఈ సెకన్ల దశలో ఒకసారి ప్రాక్టీస్‌కి కూర్చుంటే 20 నిమిషాలకి మించొద్దు, వారానికి ఐదు రోజులు చాలు, రెండు రోజులు దానికీ మీకూ సెలవు.

తను తట్టుకోగల హద్దు ఎక్కడుందో కుక్కే చెబుతుంది. పదేపదే ఆవలింతలు, పెదాలు నాక్కోవడం, చెవులు వెనక్కి, ఒక కాలు ఎత్తి నిలబడటం, తలుపు దగ్గర కదలకుండా బిగుసుకుపోవడం, ఇవి వచ్చాయంటే దాటేశారు. అరుపు దాకా ఆగకూడదు. వెనక్కి సగానికి రండి. రెండో ఫోన్‌తో వీడియో కాల్ పెట్టుకుని మెట్ల మీద కూర్చుని చూస్తూ చేశాను నేను, మా వాచ్‌మన్ మొదట్లో ఏమైందమ్మా అని అడిగేవాడు, తర్వాత అతనే పిల్లల్ని మెట్ల దగ్గర గోల చేయొద్దని పంపించేసేవాడు.

మొదటి అరగంట చేరడానికే ఎక్కువ కాలం పడుతుంది, ఇది ముందే తెలుసుకుంటే నిరాశ పడరు. మాకు ఐదు సెకన్ల నుంచి ఐదు నిమిషాలకి మూడు వారాలు, అక్కడి నుంచి 30 నిమిషాలకి ఇంకో నెల, ఆ తర్వాత గంట, రెండు గంటలు కాస్త తొందరగానే వచ్చాయి. మీ కుక్కకి ఎక్కువ పట్టొచ్చు, తక్కువ పట్టొచ్చు.

తిండి, నడక గురించి కొంచెం

రబ్బరు బొమ్మలో పెరుగన్నం కూరి ఫ్రీజర్లో పెట్టి ఇవ్వమని చాలామంది చెబుతారు. మంచిదే, నాకడం వల్ల మనసు నెమ్మదిస్తుంది. కానీ భయం ఎక్కువున్న కుక్క దాన్ని ముట్టదు, ముట్టిన కుక్క అది అయిపోగానే తల ఎత్తి చూసి అప్పుడు మొదలుపెడుతుంది, కాబట్టి అదే వైద్యం అనుకోవద్దు. పీనట్ బటర్ వాడితే డబ్బా మీద జైలిటాల్ (చక్కెర బదులు వాడే తీపి పదార్థం) ఉందేమో చదవండి, అది కుక్కలకి విషం. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కూడా పెట్టకూడదు, పాయసంలో కిస్‌మిస్ ఉంటుందని మనం మర్చిపోతుంటాం.

నడకలో దూరం కంటే వాసన ముఖ్యం. గొలుసు లాగకుండా చెట్టు మొదలు దగ్గర రెండు నిమిషాలు వాసన చూడనిస్తే ఇంటికొచ్చి హాయిగా పడుకుంటుంది. ఎండాకాలం చేతి వెనకవైపు రోడ్డు మీద ఐదారు సెకన్లు ఆనించి చూడండి, మీకు కాలితే దాని పాదాలకీ కాలుతుంది. వానాకాలం నడిచొచ్చాక వేళ్ళ సందులు చూడడం మర్చిపోవద్దు.

మందులు అంటే భయపడొద్దు

ఐదు సెకన్లు కూడా నిలబడలేని కుక్క, తనని తాను గాయపరుచుకునే కుక్క, నెలన్నర శ్రద్ధగా చేసినా కదలిక లేని కుక్క, వీటికి డాక్టర్ మందు రాస్తానంటే వద్దనకండి. ఫ్లూఓక్సెటీన్, క్లోమిప్రమీన్ అనేవి ఈ బాధకి వాడే మందులు, అమెరికాలో కుక్కల ఒంటరి భయానికే క్లోమిప్రమీన్‌కి 1998లో, ఫ్లూఓక్సెటీన్‌కి 2007లో అనుమతి వచ్చింది. పూర్తిగా పనిచేయడానికి నాలుగు నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది, కాబట్టి వారంలో లాభం లేదని మానేయొద్దు, మానాలంటే డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. ఇవి కుక్కని మత్తులో పడేసేవి కావు, భయం కాస్త తగ్గించి నేర్చుకునే వీలు కల్పించేవి, సెకన్ల ప్రాక్టీస్ అటుపక్క నడవాల్సిందే. ఇంట్లో ఉన్న నిద్రమాత్ర సగం విరిచి వేయడం, పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ లాంటివి వేయడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి, ప్రాణం మీదికి వస్తుంది.

పక్కింటివాళ్ళు కంప్లైంట్ ఇస్తే

మాకూ వచ్చింది. మా ఆయన మన మీద ఎవరు చెప్పారో కనుక్కుందామన్నారు, నేను వద్దని మా అంతస్తులో నాలుగిళ్ళకీ వెళ్ళి ఇదీ సంగతి, వైద్యం చేయిస్తున్నాం, రెండు మూడు నెలలు పడుతుంది, అరిస్తే నాకు వెంటనే ఫోన్ చేయండని నంబర్ ఇచ్చి వచ్చాను. అంతే, టెన్షన్ సగం దిగింది. కుక్కని తీసేయాల్సిందేనని సొసైటీ పట్టుబడితే, పెంపుడు కుక్కల్ని అపార్ట్‌మెంట్ సంఘాలు నిషేధించకూడదని భారత జంతు సంక్షేమ మండలి మార్గదర్శకాలు ఉన్నాయి, అవి చూపించండి, కానీ మొదటి రోజే కాగితం పట్టుకుని వెళ్ళొద్దు.

దీపావళి వారం, ఉరుములతో వాన పడే రాత్రులు, ఇవి ప్రాక్టీస్ రోజులు కావు. ఆ రోజుల్లో దాన్ని అసలు ఒంటరిగా వదలకండి, కిటికీలు మూసి, ఫ్యాన్ పెద్దగా పెట్టి, టీవీ వేసి లోపలి గదిలో దాని పక్కన ఉండండి, మంచం కింద దాక్కుంటానంటే దాక్కోనివ్వండి.

వెనకడుగులు వస్తాయి. దసరా సెలవులకి మావాడు పది రోజులు ఇంట్లో ఉన్నాడు, మల్లికి ఆ పది రోజులూ వాడి మంచమే. వాడు బ్యాగ్ సర్దుకుని వెళ్ళిన మర్నాడు గంటన్నర ఉండగలిగే కుక్క పది నిమిషాలకే తలుపు గీకింది. నేను మళ్ళీ రెండు నిమిషాల దగ్గర మొదలుపెట్టాను, ఈసారి వారంలోనే పాత చోటికి వచ్చేసింది. ఇప్పుడు నాలుగు గంటలు ఉంటోంది. సంక్రాంతికి వాడు మళ్ళీ వస్తున్నాడు, అందుకని వాడు తిరిగి వెళ్ళే రోజు తర్వాత నాలుగు రోజులకి అత్తయ్యగారిని ఇప్పుడే అడిగి పెట్టుకున్నాను.